అరెస్టు చేయించినవాడికి శిక్ష, హత్య చేసినవారికి క్షమాభిక్ష

2011 ఏప్రిల్ 12వ తేదీన అమెరికాలోని నార్త్ కరోలినా రాష్ట్ర సెనేట్ ఒక అరుదైన పని చేసింది. చనిపోయి నూటపంతొమ్మిది సంవత్సరాలైన ఒక మనిషికి క్షమాభిక్ష ప్రసాదించింది. తీర్మానానికి అనుకూలంగా 48 ఓట్లు పడ్డాయి. వ్యతిరేకంగా ఒక్కటంటే ఒక్కటి పడలేదు.

ఆ మనిషి దొంగ కాదు, హంతకుడూ కాదు. ఆ రాష్ట్రానికే గవర్నరుగా పనిచేసిన విలియం వుడ్స్ హోల్డెన్. అంతకు 140 ఏళ్ళ క్రితం, 1871 మార్చి 22న, అదే సెనేట్ ఆయనను దోషిగా తేల్చి పదవి నుంచి దింపింది. ఇక జన్మలో రాష్ట్రంలో ఏ పదవీ చేపట్టరాదని ఆంక్ష కూడా పెట్టింది. అమెరికా చరిత్రలో అభిశంసన ద్వారా పదవి పోగొట్టుకున్న మొదటి గవర్నరు ఆయనే.

ఇంతకీ ఆయన చేసిన నేరమేమిటి? ఖజానా దోచుకున్నాడా? లంచాలు మేశాడా? అభియోగ పత్రంలో అటువంటి మాట ఒక్కటీ లేదు. హత్యలు చేస్తున్న ముసుగు మనుషులను సైన్యం పంపి అరెస్టు చేయించాడు. కోర్టు విడిచిపెట్టమన్నప్పుడు విడిచిపెట్టలేదు. అదీ నేరం. ఆ హత్యలు చేసినవారికేమో రెండు మూడేళ్ళు తిరగకుండానే చట్టం చేసి మరీ క్షమాభిక్ష పెట్టారు. ధర్మం ఎటు ఉందో, చట్టం ఎటు ఉందో తేల్చుకోవడం కష్టమయ్యే ఈ చరిత్ర మన పాఠకులు కూడా తెలుసుకోదగ్గది.

మన గవర్నరు వేరు, వారి గవర్నరు వేరు

ముందుగా ఒక్క మాట. మన దేశంలో గవర్నరును రాష్ట్రపతి నియమిస్తారు. పరిపాలన భారమంతా ముఖ్యమంత్రిది. అమెరికాలో ముఖ్యమంత్రి అనే పదవి లేదు. ప్రజలు ఓట్లు వేసి గవర్నరునే ఎన్నుకుంటారు. అధికారులను నియమించడం, రాష్ట్ర సైన్యాన్ని పిలవడం, శిక్ష పడ్డవారిని క్షమించడం అన్నీ ఆయన చేతిలోనే ఉంటాయి. మన రాజ్యాంగంలోని 161వ అధికరణం గవర్నరుకిచ్చిన క్షమాభిక్ష అధికారం వంటిదే అక్కడా ఉంది. అయితే ఒక తేడా. అభిశంసనలో పడ్డ శిక్షను మాత్రం నార్త్ కరోలినా గవర్నరు క్షమించలేడు. హోల్డెన్ తరువాత వచ్చిన గవర్నర్లలో ఎవరికైనా జాలి కలిగినా ఏమీ చేయగలిగేవారు కారు. దింపిన సభే ఎత్తాలి. అందుకే 2011లో సెనేట్ కూర్చోవలసి వచ్చింది.

అచ్చాఫీసు కుర్రవాడు

హోల్డెన్ 1818 నవంబరు 24న ఆరెంజ్ కౌంటీలోని హిల్స్‌బరో పట్టణం దగ్గర పుట్టాడు. పెళ్ళికాని తల్లికి పుట్టిన బిడ్డ. ఆ కాలంలో అది జీవితాంతం మోయవలసిన నింద. సుమారు పదేళ్ళ ప్రాయంలో ఆ ఊళ్ళోని పత్రిక అచ్చాఫీసులో పనికి కుదిరాడు. అక్షరాలు పేర్చడంతో మొదలుపెట్టి, రాజధాని రాలీ చేరి, రాత్రిళ్ళు చదువుకుని 1841లో న్యాయవాది పట్టా పుచ్చుకున్నాడు. 1843లో ‘స్టాండర్డ్’ అనే పత్రికకు యజమాని, సంపాదకుడు అయ్యాడు. అప్పటికి పాతికేళ్ళు కూడా నిండలేదు.

ఆ కలం రాష్ట్ర రాజకీయాలను శాసించింది. దాన్ని పట్టుకున్నవాడు మాత్రం ఒకే మాట మీద నిలబడ్డవాడు కాదు. దక్షిణాది రాష్ట్రాలకు విడిపోయే హక్కుందని 1850ల్లో రాశాడు. తీరా విడిపోయే గడియ వచ్చేసరికి వద్దన్నాడు. వద్దన్నవాడే 1861 మే 20న విడిపోయే తీర్మానం మీద సంతకం పెట్టాడు. యుద్ధం మధ్యలో ‘ఇక చాలు, సంధి చేసుకుందాం’ అని రాయడం మొదలుపెట్టాడు. దానికి కోపించి 1863 సెప్టెంబరులో జార్జియా సైనికులు ఆయన అచ్చాఫీసును ధ్వంసం చేశారు. మర్నాడు ఆయన అభిమానులు ఎదుటి పక్షం పత్రిక కార్యాలయాన్ని ధ్వంసం చేశారు! 1864లో సంధి నినాదంతో గవర్నరు పదవికి పోటీ చేసి జెబులన్ వాన్స్ చేతిలో చిత్తుగా ఓడిపోయాడు. గాలివాటు మనిషి అని విరోధులు అనడంలో ఆశ్చర్యం లేదు. కాని సొంత ప్రభుత్వం యుద్ధంలో ఉండగా సంధి మాట ఎత్తడానికి గుండె కావాలి. ఆ గుండె ఆయనకుందని కూడా ఒప్పుకోవాలి.

క్షమాభిక్షల దఫ్తరు

1865లో అంతర్యుద్ధం ముగిసింది. దక్షిణాది ఓడింది. అధ్యక్షుడు లింకన్ హత్యకు గురయ్యాడు. ఆయన స్థానంలో వచ్చిన ఆండ్రూ జాన్సన్ పుట్టింది ఈ రాలీ పట్టణంలోనే. 1865 మే 29న జాన్సన్ రెండు ప్రకటనలు వెలువరించాడు. ఒకటి: తిరుగుబాటులో పాల్గొన్నవారికి విధేయతా ప్రమాణం మీద సామూహిక క్షమాభిక్ష. రెండు: నార్త్ కరోలినాకు హోల్డెన్ తాత్కాలిక గవర్నరు.

సామూహిక క్షమాభిక్షలో పధ్నాలుగు రకాల మనుషులకు మినహాయింపు పెట్టారు. తిరుగుబాటు ప్రభుత్వంలో పెద్ద పదవులు చేసినవారు, పై హోదా సైనికాధికారులు, ఇరవై వేల డాలర్లకు మించి ఆస్తి ఉన్నవారు వగైరా. వీరంతా ఎవరికి వారు అర్జీ పెట్టుకోవాలి. క్షమించేది వాషింగ్టన్‌లోని అధ్యక్షుడే అయినా ఆ అర్జీలు గవర్నరు బల్ల మీదుగా వెళ్ళాలి. ‘ఇవ్వవచ్చు’ అనో, ‘ఆపండి’ అనో ఆయన రాసి పంపాలి.

ఒక్కసారి ఊహించుకోండి. నిన్నటిదాకా పుట్టుక ఎత్తి వెక్కిరించిన జమీందార్లు, మాజీ మంత్రులు, సేనాధిపతులు ఇవాళ ఆ అచ్చాఫీసు కుర్రవాడి సంతకం కోసం వరసలో నిలబడ్డారు. క్షమాభిక్ష లేనిదే ఓటు లేదు, పదవి లేదు, ఆస్తికి భరోసా లేదు. హోల్డెన్ చాలామందికి సిఫారసు చేశాడు. కొందరివి తొక్కిపెట్టాడు. తనకు గిట్టనివారి అర్జీలే ఆపుతున్నాడన్న ఆరోపణ వెంటనే పుట్టింది. అది చివరిదాకా ఆయనను వదలలేదు. క్షమ అనేది దాతకు పుణ్యం తెచ్చిపెడుతుందని అనుకుంటాం. చేయి చాచి అడగవలసి వచ్చినవాడు ఆ అవమానాన్ని మరచిపోడన్న సంగతి మనకు తట్టదు.

నియామకాల చిక్కు

క్షమాభిక్షలకు తోడు నియామకాలు. యుద్ధంతో పాత ప్రభుత్వం మొత్తం రద్దయిపోయింది. కౌంటీ మేజిస్ట్రేట్ల దగ్గరనుంచి పట్టణ అధికారుల వరకు వేల సంఖ్యలో పదవులు హోల్డెన్ నింపవలసి వచ్చింది. పదవి దొరికినవాడు అది తన యోగ్యత అనుకున్నాడు. దొరకనివాడు గవర్నరు పక్షపాతం అనుకున్నాడు. ఇది ఏ దేశంలోనైనా ఉన్నదే. ఆ ఏడు నవంబరులో ఎన్నికలు జరిగితే హోల్డెన్ జోనథన్ వర్త్ అనే ప్రత్యర్థి చేతిలో ఓడిపోయాడు.

తరువాత రెండేళ్ళలో దేశమే మారిపోయింది. 1860 జనాభా లెక్కల ప్రకారం నార్త్ కరోలినాలో ఉన్న సుమారు 9 లక్షల 92 వేల మందిలో 3 లక్షల 31 వేల మంది బానిసలు. వారికి స్వేచ్ఛ వచ్చింది కాని పాత యజమానుల శాసనసభ వారికి ఓటు ఇవ్వలేదు. 1867లో అమెరికా కాంగ్రెస్ కలగజేసుకుని నల్లజాతి పురుషులకు ఓటు ఇప్పించి, కొత్త రాజ్యాంగాలు రాసుకోమని దక్షిణాది రాష్ట్రాలను ఆదేశించింది. చరిత్రకారులు ‘పునర్నిర్మాణ యుగం’ అనే కాలం ఇదే. హోల్డెన్ ఆ ఏడు రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీని నిర్మించాడు. లింకన్ పార్టీ అన్నమాట. 1868 ఏప్రిల్‌లో నల్లవారు, పేద తెల్లవారు కలిసి ఓటు వేసి ఆయనను గవర్నరుగా గెలిపించారు.

ఈసారి ఆయన చేసిన నియామకాల్లో కొత్త పేర్లు కనిపించాయి. మచ్చుకు ఒకటి. అలమాన్స్ కౌంటీలోని గ్రేహమ్ పట్టణానికి వయట్ అవుట్‌లా అనే నల్లజాతి వడ్రంగిని పట్టణ కమిషనరుగా నియమించాడు. మొన్నటిదాకా సంతలో మనిషిని అమ్మిన చోట, నల్లవాడు అధికారిగా వీధిలో తిరగడం పాత పెద్దలకు కంటగింపయింది. మరోవంక రైల్వే బాండ్ల కుంభకోణం ప్రభుత్వం పరువు తీసింది. హోల్డెన్ నమ్మి రైల్వే వ్యవహారాలు అప్పగించిన మనుషులే లక్షల డాలర్లు స్వాహా చేశారు. ఆ సొమ్ము ఆయన చేతికి అంటకపోయినా ఆ మచ్చ ఆయన పాలనకు అంటింది.

ముసుగు మనుషులు

1866లో టెనెసీలో పుట్టిన కూ క్లక్స్ క్లాన్ అనే రహస్య ముఠా నార్త్ కరోలినాకూ పాకింది. ఇక్కడ దానికి ‘వైట్ బ్రదర్‌హుడ్’, ‘కాన్‌స్టిట్యూషనల్ యూనియన్ గార్డ్’ వంటి పేర్లు. అర్ధరాత్రి గుర్రాల మీద, ముసుగులు వేసుకుని వస్తారు. రిపబ్లికన్లకు ఓటు వేసినవారిని, పిల్లలకు బడి నడిపేవారిని, యజమానికి ఎదురు చెప్పినవారిని చెట్లకు కట్టి కొరడాలతో కొడతారు. కొన్నిసార్లు చంపుతారు.

కోర్టులు లేవా? ఉన్నాయి. కాని ముఠాలో షెరీఫ్ ఉంటాడు, జూరీ సభ్యుడుంటాడు, సాక్షి ఉంటాడు. దొంగా దొరా ఒకటైతే ఊరికి కాపలా ఎవరు? దెబ్బలు తిన్నవాడు ఫిర్యాదు చేస్తే మర్నాడు మళ్ళీ దెబ్బలు. కేసు కోర్టుదాకా వెళితే నిందితుడు ఆ రాత్రి తమతోనే ఉన్నాడని ప్రమాణం చేయడానికి పదిమంది సిద్ధం.

హోల్డెన్ వెంటనే తుపాకి పట్టలేదు. ప్రకటనల మీద ప్రకటనలు విడుదల చేసి శాంతించమని కోరాడు. ఆరెంజ్, చాథమ్ కౌంటీల్లో ఎదుటి పక్షంలోని పెద్దమనుషులకే బాధ్యత అప్పగించి వారిచేత ముఠాలకు నచ్చచెప్పించాడు. 1870 జనవరిలో శాసనసభ షాఫ్నర్ చట్టం చేసింది. ఏ కౌంటీలోనైనా పరిస్థితి చేయిదాటితే అక్కడ తిరుగుబాటు జరుగుతోందని ప్రకటించి సైన్యాన్ని పంపే అధికారం గవర్నరుకు దాంతో వచ్చింది. హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేయవచ్చన్న మాట బిల్లులో మొదట ఉంది గాని, సభ్యులు దాన్ని కొట్టివేశారు. ఈ కొట్టివేతే తరువాత హోల్డెన్ మెడకు చుట్టుకుంది. చట్టం ప్రతిపాదించిన షాఫ్నర్ ప్రాణభయంతో రాష్ట్రం విడిచి ఇండియానా వెళ్ళిపోయాడు.

1870 ఫిబ్రవరి 26 రాత్రి ముసుగు మనుషులు వయట్ అవుట్‌లా ఇంటి తలుపులు పగలగొట్టారు. ఆయనను ఈడ్చుకొచ్చి కోర్టు భవనం దగ్గరి చెట్టుకు ఉరివేశారు. నేరస్తులు తెల్లవారైనా నల్లవారైనా జాగ్రత్త అన్న అర్థం వచ్చే చీటీ ఒకటి శవానికి తగిలించారు. ఆయన చేసిన నేరమల్లా గవర్నరు ఇచ్చిన పదవిని బెదరకుండా నిర్వహించడం.

మే 21న కాస్వెల్ కౌంటీ వంతు వచ్చింది. యాన్సీవిల్‌లోని కోర్టు భవనంలో పై అంతస్తులో కన్సర్వేటివ్ పక్షం సభ జరుగుతోంది. కింది గదిలోకి రాష్ట్ర సెనేటర్ జాన్ స్టీవెన్స్‌ను మాటల నెపంతో పిలిచి, తాడు బిగించి, కత్తులతో పొడిచి చంపారు. పట్టపగలు, కోర్టు భవనంలో, శాసనసభ్యుణ్ణి! తాళం వేసిన గదిలో శవం మర్నాడు దొరికింది. చంపిందెవరో ఊళ్ళో చాలామందికి తెలుసు. చెప్పినవాడు లేడు.

అరెస్టులు

హోల్డెన్ మార్చిలోనే అలమాన్స్‌లో తిరుగుబాటు ప్రకటించాడు. జులై 8న కాస్వెల్‌లోనూ ప్రకటించాడు. యుద్ధంలో ఉత్తరాది పక్షాన పోరాడిన జార్జ్ కిర్క్ అనే టెనెసీవాసిని కల్నల్‌గా నియమించి కొన్ని వందలమంది సైనికులతో పంపాడు. సుమారు వందమందిని పట్టుకున్నారు. వారిలో ఊరి పెద్దలు, షెరీఫ్ వంటి అధికారులు కూడా ఉన్నారు. సాధారణ కోర్టులో జూరీ ఎలాగూ శిక్షించదు కనుక సైనిక న్యాయస్థానం ముందు విచారణ జరిపించాలని హోల్డెన్ ఉద్దేశం.

ఇక్కడే ఆయన గీత దాటాడు. కిర్క్ నియామకమే పెద్ద పొరపాటు. కిర్క్ అంటే ఆ ప్రాంతంలో యుద్ధకాలం నాటి పగ. పైగా పొరుగు రాష్ట్రం మనిషి. ఆయన కింద పనిచేసిన ఒక అధికారి కొందరు ఖైదీల మెడకు తాడు బిగించి నిజం చెప్పించబోయాడని తరువాత సాక్ష్యం వచ్చింది. చంపినవారి పద్ధతినే పట్టుకోవడానికి వచ్చినవారూ అనుసరిస్తే ఇక ఇద్దరికీ తేడా ఏముంది?

మరొకటి అంతకంటే పెద్ద తప్పు. ‘సెంటినెల్’ పత్రిక సంపాదకుడు జొసయ్యా టర్నర్ హోల్డెన్‌ను రోజూ అచ్చులో తూర్పారబడుతూ, చేతనైతే తనను అరెస్టు చేయమని సవాలు విసిరాడు. ఆగస్టు 5న ఆయనను హిల్స్‌బరోలో పట్టుకుని యాన్సీవిల్ తీసుకెళ్ళి నిర్బంధించారు. హిల్స్‌బరో ఉన్నది ఆరెంజ్ కౌంటీలో. అక్కడ తిరుగుబాటు ప్రకటనే లేదు. తన అచ్చాఫీసును సైనికులు ధ్వంసం చేసినప్పుడు పత్రికకు తగిలే దెబ్బ ఎటువంటిదో చవి చూసిన మనిషి, ఏడేళ్ళు తిరిగేసరికి మరో సంపాదకుణ్ణి సైనికులకు అప్పగించాడు.

రెండు కోర్టులు

ఖైదీల తరఫు న్యాయవాదులు రాష్ట్ర ప్రధాన న్యాయమూర్తి రిచ్‌మండ్ పియర్సన్ దగ్గరకు వెళ్ళారు. ఆయన హెబియస్ కార్పస్ రిట్లు జారీ చేశాడు. నిర్బంధించిన మనిషిని కోర్టు ఎదుటికి తెచ్చి కారణం చూపమనే ఈ రిట్‌నే మన రాజ్యాంగం 32, 226 అధికరణాల కింద మన కోర్టులూ ఇస్తాయి. నార్త్ కరోలినా 1868 రాజ్యాంగం ఈ హక్కును నిలిపివేయరాదని ఖండితంగా చెప్పింది. ఆ రాజ్యాంగం తెచ్చింది హోల్డెన్ పార్టీయే.

కిర్క్ రిట్లను లెక్కచేయలేదు. గవర్నరు చెబితే తప్ప ఖైదీలను ఇవ్వనన్నాడు. ప్రజారక్షణకు నిర్బంధం అవసరమని, సమయం వచ్చినప్పుడు అప్పగిస్తామని హోల్డెన్ జవాబిచ్చాడు. సైన్యానికి ఎదురుగా మరో సైన్యాన్ని పంపి అంతర్యుద్ధం రేపడం పియర్సన్‌కు ఇష్టం లేకపోయింది. న్యాయస్థానం శక్తి ఇంతటితో అయిపోయింది, ఇక బాధ్యత గవర్నరుదేనని చేతులెత్తేశాడు.

అప్పుడు ఖైదీల న్యాయవాదులు కేంద్ర ప్రభుత్వ జిల్లా న్యాయమూర్తి జార్జ్ బ్రూక్స్‌ను ఆశ్రయించారు. ఆయన పధ్నాలుగో రాజ్యాంగ సవరణను ఆధారం చేసుకుని రిట్లు ఇచ్చాడు. చట్టప్రకారం కాకుండా ఏ రాష్ట్రమూ ఎవరి స్వేచ్ఛనూ హరించరాదని చెప్పే ఆ సవరణను 1868లో తెచ్చింది మాజీ బానిసల రక్షణ కోసం. ఇప్పుడది ఆ మాజీ బానిసలను కొట్టి చంపారన్న నిందితులను విడిపించడానికి ఉపయోగపడింది. మందు ఒకరి కోసం నూరితే తాగింది మరొకరు.

హోల్డెన్ అధ్యక్షుడు గ్రాంట్‌కు మొరపెట్టుకున్నాడు. కోర్టు ఉత్తర్వుకు తలవంచమని గ్రాంట్ ప్రభుత్వం సలహా ఇచ్చింది. ఆగస్టులోనే ఖైదీలు విడుదలయ్యారు. ఆగస్టు 4న జరిగిన శాసనసభ ఎన్నికల్లో అప్పటికే కన్సర్వేటివ్ పక్షం గెలిచి ఉంది. హోల్డెన్ ఇక అడకత్తెరలో పోకచెక్క అయ్యాడు.

అభిశంసన

1870 డిసెంబరులో కొత్త సభ అభిశంసన తీర్మానం చేసింది. తీర్మానం ప్రవేశపెట్టిన ఆరెంజ్ సభ్యుడు స్ట్రడ్విక్ స్వయంగా మాజీ క్లాన్ నాయకుడు. హోల్డెన్ బాధ్యతలు వదులుకోవలసి వచ్చింది. లెఫ్టినెంట్ గవర్నరు టాడ్ కాల్డ్వెల్ ఆ స్థానంలో కూర్చున్నాడు. సెనేట్‌లో విచారణకు అధ్యక్షత వహించింది ప్రధాన న్యాయమూర్తి పియర్సనే. ప్రాసిక్యూషన్ న్యాయవాదుల్లో రాష్ట్ర మాజీ గవర్నర్లు ఇద్దరు, విలియం గ్రేహమ్, థామస్ బ్రాగ్ ఉన్నారు.

అభియోగాలు ఎనిమిది. అలమాన్స్, కాస్వెల్ కౌంటీల్లో అన్యాయంగా తిరుగుబాటు ప్రకటించాడన్నవి మొదటి రెండు. టర్నర్ తదితరుల అక్రమ నిర్బంధం, హెబియస్ కార్పస్ ధిక్కారం, సైన్యానికి రాష్ట్ర ధనం వెచ్చించడం మిగిలిన ఆరు. హోల్డెన్ పక్షం సాక్షులు తమ వీపుల మీది మచ్చల కథలు సభకు వినిపించారు. చివరకు సెనేట్ మొదటి రెండు అభియోగాలను రుజువు కాలేదని వదిలివేసింది. మిగిలిన ఆరింటిలో దోషి అని తీర్చింది.

ఈ తీర్పును కాస్త నిదానంగా చదవాలి. తిరుగుబాటు ప్రకటించడం నేరమని చెప్పడానికి విరోధుల సభలో కూడా మూడింట రెండు వంతుల ఓట్లు దొరకలేదు. అంటే ఆ కౌంటీల్లో చట్టం నడవడం లేదన్న మాటను పూర్తిగా కొట్టివేయలేకపోయారు. రోగం ఉంది, వైద్యం చేసిన పద్ధతి తప్పు, కనుక వైద్యుడిని శిక్షిస్తున్నాం అన్నట్టు అయింది. మరి ఆ రోగానికి వారు చేసిన వైద్యమేమిటి?

ఎవరికి శిక్ష, ఎవరికి క్షమ

1871 చివరలో న్యాయమూర్తి ఆల్బియన్ టూర్జే హయాంలో అలమాన్స్ క్లాన్ సభ్యుల మీద నేరారోపణలు నమోదయ్యాయి. 63 మంది మీద కేసులు. వారిలో 18 మంది మీద అవుట్‌లా హత్యానేరం. ఏళ్ళ తరబడి మూగవోయిన సాక్షులు అప్పటికి నోరు విప్పారు. హోల్డెన్ సైన్యంతో చేయలేని పని టూర్జే ఓర్పుతో చేయబోయాడు.

కాని శాసనసభ అడ్డుపడింది. ముందు ఆ కేసులకు ఆధారమైన చట్టాన్ని రద్దు చేసింది. ఆపై 1873లో రహస్య సంఘాల పేరిట చేసిన నేరాలకు సామూహిక క్షమాభిక్ష చట్టం చేసి, 1874లో దాన్ని ఇంకా విస్తరించింది. వయట్ అవుట్‌లాను చంపినందుకు ఏ ఒక్కరికీ శిక్ష పడలేదు. హోల్డెన్ బల్ల మీద కొన్ని అర్జీలు ఆగాయని గోల పెట్టినవారు, అర్జీ కూడా లేకుండా హంతకులకు క్షమ పంచిపెట్టారు.

ఇందులో మరో విశేషం ఉంది. హోల్డెన్‌ను దింపిన నెల తిరక్కుండానే, 1871 ఏప్రిల్ 20న అమెరికా కాంగ్రెస్ క్లాన్ ముఠాల అణచివేతకు చట్టం చేసింది. అవసరమైతే హెబియస్ కార్పస్ నిలిపివేసే అధికారాన్ని అధ్యక్షుడికి ఇచ్చింది. అక్టోబరులో గ్రాంట్ దాన్ని సౌత్ కరోలినాలో తొమ్మిది కౌంటీల్లో ప్రయోగించాడు. క్లాన్ అక్కడ చెల్లాచెదురైంది. హోల్డెన్ చేయబోయిన పనే గ్రాంట్ చేశాడు. ఒకరికి పదవి పోయింది, మరొకరికి 1872లో మళ్ళీ పదవి వచ్చింది. తేడా ఎక్కడుందంటే, గ్రాంట్ ముందు చట్టం చేయించుకుని తరువాత చేయి చేసుకున్నాడు. హోల్డెన్‌కు ఆ అధికారాన్ని సభ ఇవ్వనని స్పష్టంగా కొట్టివేసిన తరువాత కూడా ఉన్నట్టే వాడుకున్నాడు. గ్రాంట్ వెనుక దేశ సైన్యం ఉంది. హోల్డెన్ వెనుక ఉన్నది ఆదరాబాదరాగా పోగుచేసిన కిర్క్ దండు. మంచి పనికైనా అదనూ, అధికారమూ రెండూ చూసుకోవాలి.

1935లో తెరిచిన కవరు

హోల్డెన్ కొంతకాలం వాషింగ్టన్ వెళ్ళి ఒక పత్రిక నడిపాడు. తరువాత గ్రాంట్ ఆయనను రాలీలో పోస్టుమాస్టరుగా నియమించాడు. రాష్ట్ర పదవులకే ఆంక్ష గాని, కేంద్రం ఇచ్చే ఉద్యోగానికి లేదు కదా! వేల మందికి పదవులు పంచిన చేయి సుమారు ఎనిమిదేళ్ళు ఉత్తరాల వ్యవహారం చూసింది. ఆంక్ష తొలగించమని మిత్రులు చేసిన ప్రయత్నాలు ఆయన బతికుండగా ఫలించలేదు. 1892 మార్చిలో రాలీలోనే కన్నుమూశాడు. ఆ తరువాత చాలాకాలం చరిత్ర పుస్తకాల్లో ఆయన నియంతగా, క్లాన్ మనుషులు రాష్ట్రాన్ని కాపాడిన వీరులుగా మిగిలారు.

మరి స్టీవెన్స్‌ను చంపిందెవరు? అరవై అయిదేళ్ళు ఆ రహస్యం నిలిచింది. కాస్వెల్ క్లాన్ నాయకుడు జాన్ లీ 1919లో ఒక వాంగ్మూలం రాసి, సంతకం చేసి, తన మరణం తరువాతే తెరవాలన్న షరతుతో రాష్ట్ర చారిత్రక సంఘానికి అప్పగించాడు. 1935లో ఆయన పోయాక దాన్ని తెరిచారు. హత్య ఎలా పథకం వేశారో, గదిలో ఎవరెవరున్నారో, తాడు ఎవరు వేశారో అన్నీ అందులో ఉన్నాయి. తాను పాల్గొన్నానని కూడా రాసుకున్నాడు. హోల్డెన్ 1870లో అన్నది నిజమేనని ఆయన శత్రువు చేతిరాతే సాక్ష్యం చెప్పింది. వినడానికి హోల్డెన్ లేడు.

మనకేమిటి దీనివల్ల?

ఈ కథలో హోల్డెన్‌ను దేవుణ్ణి చేయనక్కరలేదు. విమర్శించిన సంపాదకుణ్ణి పట్టించడం, కోర్టు మాట పెడచెవిన పెట్టడం ఎంత మంచి కారణానికైనా తప్పే. ఇవాళ మంచివాడు దాటిన గీతను రేపు చెడ్డవాడు చూపించి దాటుతాడు. అందుకే హెబియస్ కార్పస్ వంటి రక్షణలు మనకు నచ్చనివారికి కూడా వర్తించాలి.

కాని నాణానికి రెండో వైపు కూడా చూడాలి. చట్టం పేరు చెప్పి గవర్నరును దింపినవారికి చట్టం మీద అంత గౌరవమే ఉంటే, అవుట్‌లా కేసును కోర్టులో నడవనిచ్చేవారు. నడవనివ్వలేదు. విధివిధానం తప్పినవాడికి పద్ధతి ప్రకారం శిక్ష వేశారు. ప్రాణం తీసినవాడిని పద్ధతి ప్రకారమే విడిచిపెట్టారు. కాగితాల మీద రెండూ సక్రమమే. అన్యాయం ఎప్పుడూ ముసుగు వేసుకుని గుర్రం మీదే రానక్కరలేదు. ఒక్కోసారి శాసనసభలో ఓటింగు జరిగి కూడా వస్తుంది.

2011లో సెనేట్ ఇచ్చిన క్షమాభిక్ష వల్ల హోల్డెన్‌కు ఒరిగిందేమీ లేదు. పదవి తిరిగి రాదు. అయినా 48 మంది లేచి, మా పూర్వులు చేసింది సరికాదని అనడం చిన్న విషయం కాదు. రెండు పార్టీలవారూ కలిసి ఆ మాట అన్నారు. పాత తప్పును ఒప్పుకోవడానికి నూటనలభై ఏళ్ళు పట్టడం విచారకరమే. అసలు ఒప్పుకోని సమాజాలతో పోలిస్తే అదే మేలు.

ఒక్క లోటు మాత్రం మిగిలిపోయింది. అభిశంసన పాలైన గవర్నరుకు క్షమాభిక్ష దొరికింది, హంతకులకు ఏనాడో దొరికింది. గవర్నరు నియామకాన్ని నమ్మి పదవి స్వీకరించి, చెట్టుకు వేలాడిన వడ్రంగి వయట్ అవుట్‌లా ఎవరి క్షమా కోరవలసిన నేరం చేయలేదు. ఆయనకు రావలసింది న్యాయం. దాన్ని ఇవ్వగలిగిన వారెవరూ ఇప్పుడు మిగల్లేదు. కనీసం ఆ పేరు గుర్తుంచుకోవడమైనా మన వంతు.